సైలెన్సర్‌కి పౌడర్ కోటింగ్ వేయించినవాడి మాట

మొన్న ల్యాబ్ క్యాన్సిల్ అయితే పనిలేక మన కాలేజీ పార్కింగ్‌లో బళ్ళు లెక్కపెట్టాను. మొత్తం కాదులెండి, మొదటి రెండు వరసలు. సగానికి సగం నల్లవే. మామూలు నలుపు కాదు, మెరుపు లేని నలుపు, మ్యాట్ బ్లాక్. ఫ్రేమ్ నలుపు, చక్రాలు నలుపు, సైలెన్సర్ నలుపు. ఒకడైతే కిక్ రాడ్‌ని కూడా వదల్లేదు. వాటిలో కంపెనీయే అలా ఇచ్చినవి కొన్ని, డబ్బులు పోసి చేయించుకున్నవి కొన్ని. నేను మాట్లాడేది రెండో రకం గురించి.

బండి మాడిఫై చేసేవాళ్ళని తిట్టడానికి కూర్చోలేదు. ఆ పని మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు బాగానే చేస్తున్నారు. నా కంప్లయింట్ వేరే. మనం బండికి రంగు ఎంచుకునేది ఫోన్‌లో ఫోటో చూసి. ఫోటోలో బండి ఆగి ఉంటుంది. అది వేడెక్కదు, గుంతలో పడదు, వానలో తడవదు, రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి వెళ్ళదు. రోడ్డు మీద మాత్రం ఫ్రేమ్ పడే బాధ ఒకటి, చక్రం పడే బాధ ఇంకొకటి, సైలెన్సర్ పడే బాధ మరొకటి. మోకాలి నొప్పికీ, జ్వరానికీ, పంటి నొప్పికీ ఒకే మాత్ర ఇచ్చే డాక్టర్ దగ్గరికి మనం వెళ్ళం కదా. బండి విషయంలో మాత్రం మనమే ఆ డాక్టర్లం. నేనూ అదే చేశాను. అదీ నా బండికి కాదు, మా నాన్న బండికి.

2005లో కొన్న స్ప్లెండర్ ప్లస్ అది. నాకంటే ఏడాది పెద్దది, అంటే వరసకి నాకు అక్క. నాన్న మెడికల్ షాపులకి మందులు సప్లై చేసేవారు. గుడివాడ, నూజివీడు, తిరువూరు, ఆ రోడ్లన్నీ ఈ బండి మీదే తిరిగారు. రెండేళ్ళ క్రితం ఆయన స్కూటర్‌కి మారి తాళం నా చేతిలో పెట్టారు. అప్పటికి ఫ్రేమ్ మీద అక్కడక్కడా తుప్పు, రిమ్ముల మీద చుక్కలు, బెండ్ పైపు గోధుమ రంగుకి తిరిగింది. సెకండ్ ఇయర్ సెలవుల్లో ఒక చిన్న వెబ్‌సైట్ పని చేస్తే నా జీవితంలో మొదటి సంపాదన వచ్చింది. ఆ డబ్బు పట్టుకుని ఆటోనగర్ వెళ్ళి ఒక షాపతనికి ఫోన్‌లో ఫోటో చూపించాను. "మొత్తం ఇట్లా కావాలన్నా" అన్నాను. "మొత్తమా?" అన్నాడు. "మొత్తం" అన్నాను. ఆయన ఆ మాట ఇంకోసారి అడిగి ఉంటే బాగుండేది. అడగలేదు, చేసిపెట్టాడు. తప్పు ఆయనదా నాదా అంటే, నాది డెబ్బై, ఆయనది ముప్పై అంటాను.

సైలెన్సర్ సంగతి మొదట తేలింది. బండి ఇంటికి తెచ్చిన సాయంత్రమే, సరిగ్గా బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్లో, కాలుతున్న ప్లాస్టిక్ వాసన. పక్క ఆటో వాడు కిందకి చూసి "బాబూ, నీ బండే" అన్నాడు. ఇంజన్‌లోంచి బయటికి వచ్చే బెండ్ పైపు మీద పూత బుడగలు లేచి, అంచుల్లో పసుపు తిరిగి, వారానికల్లా పెచ్చులుగా రాలింది.

ఎందుకో తర్వాత చదివాను. ముందు చదవాల్సింది. పౌడర్ కోటింగ్ అంటే ద్రవం రంగు కాదు, మెత్తటి పొడి. ఆ పొడికి గన్‌తో కరెంటు చార్జ్ ఇచ్చి చల్లుతారు, పార్ట్‌ని ఎర్త్ చేస్తారు, పొడి వెళ్ళి దానికి అతుక్కుంటుంది. తర్వాత ఓవెన్‌లో పెట్టి సుమారు 180 నుంచి 200 డిగ్రీల దగ్గర పది, ఇరవై నిమిషాలు కాలుస్తారు. అక్కడ పొడి కరిగి, పారి, రసాయనికంగా ముడిపడి గట్టి పొరగా మారుతుంది. ఒకసారి అలా ముడిపడ్డాక మళ్ళీ కరగదు. అందుకే చాలామంది "కరగదు కాబట్టి వేడికి ఆగుతుంది" అనుకుంటారు. నేనూ అనుకున్నా. ఇడ్లీ కూడా మళ్ళీ పిండి అవ్వదు, అలాగని పెనం మీద వదిలేస్తే మాడకుండా ఉంటుందా? ఆ పొరని కాల్చిన వేడి రెండొందల డిగ్రీలు. బండి పరిగెడుతుంటే ఇంజన్ దగ్గర బెండ్ పైపు ఆ వేడిని సులువుగా దాటేస్తుంది. మామూలు పౌడర్ అక్కడ మాడక ఏం చేస్తుంది?

మరి సైలెన్సర్‌కి ఏం వేయాలి? ఇక్కడ ఒక మాట విని చాలామంది మోసపోతున్నారు కాబట్టి కాస్త ఆగుతాను. "సెరామిక్ కోటింగ్." ఈ పేరుతో రెండు వేరువేరు వస్తువులు ఉన్నాయి. కార్ వాష్ షాపుల బోర్డుల మీద కనిపించేది పెయింట్ మీద రుద్దే ద్రవం. నీళ్ళు ముత్యాల్లా జారిపోవడానికి, రంగు మెరవడానికి అది. సైలెన్సర్‌కి వేసే సెరామిక్ పూర్తిగా వేరే సరుకు. అది నిజంగా వేడిని తట్టుకునే పూత. కొన్ని రకాలు వేడిని పైపులోపలే ఆపి, కాలికి తగిలే సెగని కూడా తగ్గిస్తాయి. మా హాస్టల్ ఫ్రెండ్ ఒకడు మొదటిదాన్ని రెండోది అనుకుని సైలెన్సర్‌కి రుద్దించుకుని వచ్చాడు. వాడికి మిగిలింది బిల్లు. షాపులో అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇది ఎన్ని డిగ్రీల వరకు? డబ్బా మీద అంకె చూపించమనండి. చూపించలేకపోతే బండి వెనక్కి తిప్పండి.

బడ్జెట్ లేనివాళ్ళకి సిలికోన్ ఆధారంగా చేసే హీట్ రెసిస్టెంట్ పెయింట్ ఉంది. అందంలో ఫస్ట్ క్లాస్ ఏమీ కాదు, కానీ దాని పని అది చేస్తుంది. ఒక షరతు. వేశాక ఇంజన్‌ని కొంచెం నడిపి ఆపి, చల్లార్చి, మళ్ళీ ఇంకాసేపు నడిపి, అలా మెల్లగా కాల్చాలి. ఆ వేడికే అది గట్టిపడుతుంది. పెయింట్ ఆరిందని చేత్తో తాకి చూసి ఊరి మీద పడితే మొదటి వానకే పోతుంది.

ఇన్‌స్టాలో నీలం, ఊదా, బంగారు రంగుల పైపులు చూసి మురిసిపోయేవాళ్ళకి ఒక మాట. స్టెయిన్‌లెస్ స్టీలు, టైటానియం వేడెక్కితే పైన ఆక్సైడ్ పొర చాలా పలచగా ఏర్పడుతుంది. పొర మందాన్ని బట్టి రంగు మారుతుంది. వాన నీళ్ళ మీద పెట్రోలు పడితే ఇంద్రధనుస్సు కనిపిస్తుందే, అదే ఫిజిక్స్. అంటే ఆ రంగు ఎవరూ వేసింది కాదు, లోహం తన వేడిని తానే రాసుకున్న లెక్క. దాన్ని స్టిక్కర్‌గా కొనుక్కుని మామూలు పైపుకి అంటించుకోవడం చూస్తే నాకు వేరేవాళ్ళ రికార్డు కాపీ కొట్టి సంతకం మర్చిపోకుండా పెట్టినట్టు ఉంటుంది. (నేను అలా చేయలేదని అనట్లేదు. రికార్డు సంగతి.)

సరే, ఫ్రేమ్. ఇక్కడ మాత్రం నేను పౌడర్ కోటింగ్ పక్షమే. ఫ్రేమ్ అంత వేడెక్కదు. దానికి కావాల్సింది రాళ్ళ దెబ్బలకీ, బురదకీ, వానకీ నిలబడే మందమైన పొర. అది పౌడర్ ఇచ్చినంత బాగా స్ప్రే డబ్బా ఇవ్వదు. అయితే ఒకటి అడగండి, పొడి ఎపాక్సీనా పాలియెస్టరా అని. ఎపాక్సీ గట్టిదే కానీ ఎండకి తట్టుకోలేదు, కొన్నాళ్ళకి సుద్దపొడిలా తెల్లబడుతుంది. మే నెలలో మన విజయవాడ ఎండ కింద కాలేజీ పార్కింగ్‌లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడే బండికి పాలియెస్టర్ కావాలి.

ఇంకా, ఫస్ట్ ఇయర్‌లో మనం బట్టీపట్టి మర్చిపోయిన ఫారడే కేజ్ గుర్తుందా? లోపలి మూలల్లోకి విద్యుత్ క్షేత్రం సరిగ్గా వెళ్ళదు. చార్జ్ అయిన పొడి కూడా అంతే, గొట్టాలు కలిసే ఇరుకు సందుల్లోకి సరిగ్గా దూరదు. పైకి నున్నగా కనిపించే ఫ్రేమ్‌కి వెల్డింగ్ సందుల్లో పూత పలచగా ఉంటుంది. తుప్పు మొదలయ్యేదీ అక్కడే. డెలివరీ తీసుకునేటప్పుడు ఫోటో దిగే వైపు కాకుండా, ఫోన్ టార్చ్ వేసి ఆ సందులు చూడండి. నేను అద్దంలో మొహం చూసుకున్నట్టు ట్యాంకు కింద గొట్టం చూసుకుని వచ్చేశాను.

ఆ తర్వాత హారన్ పోయింది. నొక్కితే దగ్గు వచ్చినట్టు "క్క్" అనేది. ఇండికేటర్లు వాటికి ఇష్టమైనప్పుడు వెలిగేవి. బ్యాటరీ మార్చాను, ఫలితం లేదు. చివరికి మా వీధి మెకానిక్ బాబాయ్ దగ్గరికి తీసుకెళ్తే పది నిమిషాల్లో పట్టేశారు. బండికి ఫ్రేమే ఎర్త్ వైరు లాంటిది. ఎర్త్ బోల్టు తగిలే చోట కూడా పూత వేసేశారు, పౌడర్ పూతలో కరెంటు పారదు. బాబాయ్ ఆకురాయితో ఆ చోట కాస్త గీకి బోల్టు బిగించారు. హారన్ మోగింది. "కంప్యూటర్లు చదువుతున్నావా అబ్బాయ్?" అని అడిగారు. అవునన్నాను. ఇంకేమీ అనలేదు ఆయన. ఎర్త్ పాయింట్లు, బేరింగ్ కూర్చునే చోట్లు, మరలు, ఇవన్నీ కోటింగ్‌కి ముందే టేపుతోనో బిరడాలతోనో మూయించాలి. ఈ లిస్టు మీరే రాసుకుని వెళ్ళండి, ఎవరూ గుర్తుచేయరు.

హారన్ నాకే తలనొప్పి. దీని తర్వాతది మాత్రం నాన్నకి తగిలింది.

బండి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళు. తర్వాత ఐదేళ్ళకోసారి రెన్యువల్. మాది 2020లో ఒకసారి అయింది, మళ్ళీ గడువు వచ్చింది. బండి ఇంకా నాన్న పేరు మీదే ఉంది కాబట్టి ఆయనే సగం రోజు సెలవు పెట్టి వచ్చారు. అక్కడ ఛాసిస్ నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అంకెలు పడాలి. మాది హ్యాండిల్ కింద, ఫ్రేమ్ మెడ దగ్గర ఉంటుంది. రుద్దితే నల్లటి చతురస్రం పడింది. అంకె ఒక్కటీ లేదు. అసలే ఇరవై ఏళ్ళ నాటి పంచింగ్, దాన్ని ఇసుకతో బ్లాస్ట్ చేశారు, దాని మీద ఇంత మందాన పౌడర్. నంబర్ కనపడని బండి దొంగబండి కింద లెక్క. కౌంటర్‌లో ఆయన అలా అనలేదు, కానీ చూసిన చూపు అదే. ఇరవై ఏళ్ళు ఒక్క చలానా లేకుండా నడిపిన మనిషి, అరిగిపోయిన పాత ఆర్సీ చేతిలో పట్టుకుని, "మా బండేనండి" అన్నారు. రెండుసార్లు అన్నారు.

నేను పక్కనే నిలబడి ఉన్నా. నన్ను చూపించి "మావాడు రంగు వేయించాడు" అని ఆయన చెప్పొచ్చు. చెప్పలేదు.

బాబాయ్ పూత తీసే రసాయనం కొంచెం కొంచెంగా రాసి, బ్లేడుతో గంటన్నర గీకితే అంకెలు లేచాయి. రెండో ట్రిప్పులో పని అయింది. ఇంకో సగం రోజు సెలవు. మీలో ఎవరైనా ఫ్రేమ్ ఇస్తుంటే దయచేసి ఆ నంబర్ మీద టేపు వేయించి, తర్వాత దాని మీద పలచగా లాకర్ కొట్టించండి. ఈ వ్యాసంలో మిగతాదంతా మర్చిపోయినా పర్లేదు. అలాగే ఆర్సీలో రంగు అని ఒక గడి ఉంటుంది. ట్యాంకు, ప్యానెళ్ళ రంగు మారిస్తే ఆ గడి కూడా మార్పించుకోవాలి, ఎరుపు అని రాసున్న బండి నల్లగా కనిపిస్తే చెక్‌పోస్టులో జవాబు చెప్పాల్సింది మీరే.

చక్రాల సంగతి త్వరగా చెప్పేస్తా. స్పోక్ చక్రాన్ని విప్పకుండా అలాగే కోటింగ్ చేయించకండి. స్పోక్ చివర తిరగాల్సిన నిప్పుల్ పూతతో అతుక్కుపోతుంది. గుంతలో పడి చక్రం వంకర పోతే సరిచేయడానికి దాన్ని తిప్పాలి, తిప్పితే పూత పగులుతుంది, పగులులోకి నీళ్ళు. నాది రెండో నెలకే ఆ దశకొచ్చింది. అల్లాయ్ చక్రాలున్నవాళ్ళు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. వేడితోనే బలం తెచ్చిన అల్యూమినియం మిశ్రమాలని ఓవెన్‌లో ఎక్కువసేపు, ఎక్కువ వేడిలో ఉంచితే ఆ బలం తగ్గుతుంది. రంగు సరిగ్గా రాలేదని మళ్ళీ మళ్ళీ కాల్పించేవాళ్ళు అది గుర్తుపెట్టుకోవాలి. ఫ్రేమ్ మీద పూత పాడైతే తుప్పు పడుతుంది, చక్రం బలం తగ్గితే మనమే పడతాం.

రిమ్ముల్ని మళ్ళీ క్రోమ్ చేయిద్దామని ఒక ప్లేటింగ్ షెడ్డుకి వెళ్ళాను. క్రోమ్ గురించి అప్పటిదాకా నాకు తెలిసింది "మెరుస్తుంది" అని. నిజానికి అలంకారానికి వేసే క్రోమ్ పొర ఒక మైక్రాన్ కూడా ఉండదు. తుప్పుని ఆపేదీ, ఆ మెరుపులో ఎక్కువ వంతూ కింద ఉన్న నికెల్‌ది. పేరు మాత్రం పైవాడిది. గ్రూప్ ప్రాజెక్టు చేసినవాళ్ళకి వివరించక్కర్లేదు.

షెడ్డులో తొట్ల దగ్గర పని చేస్తున్న కుర్రాడు నా వయసువాడే అనుకుంటా. గ్లవ్స్ ఒక చేతికే ఉన్నాయి. తొట్టిలోంచి ముదురు నారింజ రంగు ద్రవం మీద సన్నటి పొగమంచులా లేస్తోంది. అక్కడ నిలబడ్డ ఐదు నిమిషాలకే నాకు గొంతు మండింది. మాటల్లో పెట్టి "ఇబ్బంది లేదా?" అంటే, "అప్పుడప్పుడు ముక్కులోంచి రక్తం వస్తది, అలవాటే" అన్నాడు, నవ్వుతూ. ఇంటికొచ్చి చదివాను. ఆ తొట్టిలో ఉండేది హెక్సావాలెంట్ క్రోమియం. క్యాన్సర్ కారకమని తేలినది. ఆ తుంపర పీలిస్తే ముక్కు లోపలి గోడకి పుండ్లు పడి, చిల్లు కూడా పడుతుంది. యూరప్‌లో 2017 నుంచి క్రోమియం ట్రయాక్సైడ్ వాడాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. దీని బదులు ట్రైవాలెంట్ అని తక్కువ ప్రమాదకరమైన పద్ధతి ఉంది, రంగులో కొద్దిగా తేడా వస్తుందంతే.

రిమ్ములు వెనక్కి తెచ్చేసుకున్నా. వాటికి మామూలు వెండి రంగు పెయింట్ కొట్టించాను. దీనివల్ల ఆ కుర్రాడికి ఒరిగిందేమీ లేదని నాకు తెలుసు. ఒక కస్టమర్ తగ్గాడు, అంతే. పైగా పాడైన సైలెన్సర్ స్థానంలో కొత్తది కొన్నాను, అది క్రోమ్‌దే. దాన్ని ఎవరో ఎక్కడో ఏదో తొట్టిలో ముంచే ఉంటారు. ఆ ఫ్యాక్టరీలో పొగ లాగే ఫ్యాన్లు ఉంటాయని అనుకుని బిల్లు కట్టాను. ఇందులో నేను గొప్పగా చెప్పుకునేది ఏమీ లేదు. కానీ ఫినిష్ ఎంచుకోవడమంటే రంగు ఎంచుకోవడం ఒక్కటే అని ఇంకెవరైనా అంటే మాత్రం ఒప్పుకోలేను.

"నా బండి, నా డబ్బు, నా ఇష్టం, నీకేంటి?" అని మీలో కొందరు ఇప్పటికే అనుకుంటున్నారు. న్యాయమే. ఇష్టం ఉండాలి. ఆర్ఎక్స్ 100 తయారీ 1996లో ఆగిపోయింది, ఇప్పటికీ దాన్ని విప్పి ప్రతి బోల్టూ కంపెనీ రంగులోనే ఉండాలని కొట్టుకునేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ వాదన కూడా నాకు పూర్తిగా ఎక్కదు. బుల్లెట్ ట్యాంకు మీద బంగారు గీతలు చెన్నైలో చేత్తో గీశారని తెలిసినప్పుడు నాకూ ఒళ్ళు జలదరించింది, కానీ మా స్ప్లెండర్ ఫ్రేమ్‌కి కంపెనీ వేసిన నల్ల పెయింట్‌లో కాపాడాల్సిన కళ ఏదీ లేదు. అది పోయి పౌడర్ వచ్చింది, మంచిదే అయింది. మ్యాట్ బ్లాక్ కూడా మీ ఇష్టం. ఒక్కటే, మ్యాట్ మీద గీత పడితే పాలిష్ చేయలేరు, చేస్తే అక్కడ మెరిసి ఇంకా అసహ్యంగా కనిపిస్తుంది. పెట్రోలు బంకులో ఒలికే చుక్కలు, చేతి చెమట, అన్నీ మచ్చలే. రోజూ నడిపే బండికి గ్లాస్ తేలిక. నాకు మ్యాటే నచ్చుతుంది, అది వేరే విషయం.

ట్యాంకు గురించి చెప్పలేదు కదా. షాపుకి తీసుకెళ్ళే రోజు పొద్దున నాన్న ఒకే ఒక్క మాట అన్నారు. "ట్యాంకు వదిలెయ్యరా." ఎందుకని అడగలేదు, స్టిక్కర్లు దొరకవని కాబోలు అనుకున్నా. రెన్యువల్ రెండో ట్రిప్పు అయ్యాక టీ తాగుతుంటే అడిగాను. ట్యాంకు మీద ముందు వైపు, మూతకి కాస్త ఎడమగా, వేలెడంత మేర రంగు పోయి లోహం కనిపిస్తుంది. యూకేజీ నుంచి మూడో క్లాసు దాకా నన్ను ముందు కూర్చోబెట్టుకుని స్కూల్లో దింపేవారు. నా స్కూల్ బెల్టు బకిల్ గీసుకుని గీసుకుని పోయిన రంగు అది.

బండి బ్లాక్ ఫ్రేమ్, వెండి రిమ్ములు, క్రోమ్ సైలెన్సర్, పాత ట్యాంకుతో ఇప్పుడు నాలుగు బళ్ళు కలిపి కుట్టినట్టు ఉంది. పార్కింగ్‌లో మూడో వరస చివర కనిపిస్తుంది, నవ్వుకోండి. ఈ వానాకాలం ఆ గీత దగ్గర సన్నగా తుప్పు మొదలైంది. దానికి ఏ ఫినిష్ వేయాలని నాన్నా నేనూ అరగంట వాదించుకున్నాం. క్లియర్ కోట్ కొట్టిస్తే చుట్టూ రుద్దాలి, రుద్దితే గీత పోతుంది. చివరికి అమ్మ డ్రెస్సింగ్ టేబుల్ మీదున్న రంగు లేని నెయిల్ పాలిష్ తెచ్చి, నేను తుప్పుని మెత్తగా తుడిస్తే, నాన్న రెండు పూతలు వేశారు. ఇప్పటివరకైతే పట్టుకునే ఉంది.